బోయా మీద టిష్యూ పాకెట్

మా ఇంట్లో నాకు అప్పగించిన బాధ్యతల్లో నేను ఇంతవరకూ తప్పనిది ఒక్కటే: చోప్ చెయ్యడం. సింగపూర్‌లో ఉండనివాళ్ళ కోసం కొంచెం వివరిస్తాను. ఒకే కప్పు కింద బోలెడు చిన్న చిన్న వంటకొట్లు, వాటి మధ్య బల్లలు ఉండే చోటుని ఇక్కడ హాకర్ సెంటర్ అంటారు. మధ్యాహ్నం పూట అక్కడ ఖాళీ బల్ల దొరకడం కష్టం. అందుకని ముందుగా బల్ల మీద ఒక టిష్యూ పాకెట్ పెట్టేసి, ఆ తర్వాత తీరిగ్గా వెళ్ళి అన్నం కొనుక్కుంటారు. ఆ పాకెట్ కనబడితే ఎంత ఆకలి మీదున్నవాడైనా మర్యాదగా తప్పుకుంటాడు. దీన్నే చోప్ అంటారు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో నేను ఆ పాకెట్ ఎవరో మరిచిపోయారనుకుని, అందులోంచి ఒకటి లాగి మూతి తుడుచుకున్నాను. తర్వాత అదే విద్యలో ఎంత ఎదిగానంటే, రాఫెల్స్ ప్లేస్‌లో మా ఆఫీసువాళ్ళు భోజనాల వేళకి ముందే నన్ను బల్ల పట్టడానికి పంపేవారు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేరు. నా ప్రయోజకత్వం మాత్రం సాఫ్ట్ పేపరు.

ఈ విద్యని భూగోళం అవతలి వైపుకి, కరీబియన్ సముద్రం దాకా మోసుకెళ్ళి ఒక అఖాతంలో ప్రదర్శించాను. ఆ అఖాతం పేరు రాయను. అక్కడివాళ్ళకి నా మొహం ఇంకా గుర్తుండొచ్చు. అయినా నేను చెప్పదలచుకున్నది నా గురించి కాదు, మాకు రెండంతస్తుల పైన ఉండే ఆంటీ గురించి.

సింగపూర్‌లోని టాంపినీస్‌లో మాదీ వాళ్ళదీ ఒకే బ్లాక్. అంకుల్, ఆంటీ ఇద్దరూ మలేషియాలో పుట్టిన తెలుగువాళ్ళు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి కొబ్బరితోటల పనికి వెళ్ళిన కుటుంబాలు. వాళ్ళ మాటలో శ్రీకాకుళమూ మలయ్‌ భాషా ఒకే గిన్నెలో ఉడుకుతుంటాయి. అంకుల్ ఓడలు తనిఖీ చేసే ఇంజనీరుగా, ఆంటీ ఒకటో తరగతి టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. సింగపూర్‌లో కారు కొనాలంటే పెట్టాల్సిన డబ్బుతో వాళ్ళు ఒక పాత తెరచాప పడవ కొనుక్కున్నారు. యాట్ అనగానే జనం తెల్ల ప్యాంట్లూ పొడుగు గ్లాసులూ ఊహించుకుంటారు. వీళ్ళది ఆ బాపతు కాదు. లోపల నలుగురు పడుకోవచ్చు, అయిదోవాడు వస్తే నిలబడే ఉండాలి. దాన్ని కరీబియన్‌లోని గ్రెనడా దీవిలో ఒక యార్డులో ఉంచుతారు. ఏటా అక్కడ తుఫాన్ల కాలం దాటాక వెళ్ళి, నీళ్ళలోకి దించి, దీవి నుంచి దీవికి తిరిగి, మళ్ళీ గట్టెక్కించి వస్తారు. మిగతా కాలమంతా టాంపినీస్ ఫ్లాట్‌లో కూర్చుని ఆ కాలం కోసం ఎదురుచూస్తారు.

అలాంటిది, మేము వెళ్ళడానికి ముందటి ఏడు అంకుల్‌కి ఒక కంటి చూపు పోయింది. డాక్టర్లు చెయ్యగలిగింది చేశారు, చూపు మాత్రం తిరిగి రాలేదు. ఒక కంటితో లోకం కనబడుతుంది గానీ, ఏది ఎంత దూరంలో ఉందో అంచనా అందదు. మా ఇంటికి వచ్చినప్పుడు కాఫీ కప్పు అందుకోబోయి దాని పక్కనున్న గాలిని పట్టుకునేవారు. "కప్పు జరిగిపోనాది" అని నవ్వేసేవారు. మేమూ నవ్వేవాళ్ళం. ఆంటీ నవ్వేవారు కాదు.

ఒక ఆదివారం సాయంత్రం మా సోఫాలో కూర్చునే అంకుల్ అసలు విషయం బయటపెట్టారు.

"పడవ అమ్మీద్దామని అనుకుంటన్నాం బాబూ."

"అనుకుంటన్నాం కాదు, అనుకుంటన్నారు," అన్నారు ఆంటీ. "నేను అనుకోలేదు."

"చుక్కాని పట్టడం ఇంక నా వల్ల కాదు. గ్రెనడాలో బ్రోకర్‌కి చెప్పీసాను. ఈసారి మేం దీవులు తిరిగొచ్చాక వచ్చి చూస్తానన్నాడు."

"చుక్కాని నేను పడతాను."

"ఇన్నేళ్ళూ నువ్వు పట్టలేదు గదా?"

"మీరు ఇచ్చారేటి?"

మా ఆవిడ హఠాత్తుగా టీ పెట్టాలన్న సంగతి గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్ళింది. నేను ఎటూ వెళ్ళలేక అక్కడే సోఫా దిండ్లు సర్దుతూ కూర్చున్నాను.

టీ వచ్చేసరికి ఒప్పందం కుదిరింది. ఈసారి ఆంటీయే కెప్టెన్. గ్రెనడా నుంచి ఉత్తరానికి గ్రెనడీన్స్ దీవులు చుట్టి, పడవని తిరిగి గ్రెనడా చేర్చాలి. నమ్మకంగా చేర్చగలిగితే బ్రోకర్ వచ్చిన దారినే పోతాడు. లేదంటే పడవ పోతుంది. అంకుల్ ఇంకో షరతు పెట్టారు: ఎక్కడా లంగరు వెయ్యకూడదు, బోయాలకే కట్టాలి. బోయా అంటే నీటి మీద తేలే పెద్ద బంతి. దాని కింది గొలుసు సముద్రం అడుగున ఒక బరువుకి బిగించి ఉంటుంది. పైన ఉన్న తాడు అందుకుని పడవకి కట్టుకుంటే చాలు. లంగరు అలా కాదు. అడుగున ఇసకలో అది సరిగ్గా దిగకపోతే, పడవ నిద్రలో నడిచే మనిషిలా వెనక్కి వెనక్కి పోతుంది. అంతకుముందు, చూపు తగ్గుతున్న రోజుల్లో, అంకుల్ వేసిన లంగరు అలాగే జారి పడవ ఇంకొకరి పడవని రాసుకుంటూ పోయింది. ఆ చప్పుడు ఆయన చెవుల్లోంచి పోలేదు.

"బోయా ఉన్న చోటికే పోతే అది పడవ కాదు లా, బస్సు," అన్నారు ఆంటీ, మాటకి మలేషియావాళ్ళ "లా" తగిలించి. అయినా ఒప్పుకున్నారు.

సాయానికి ఇంకో రెండు జతల చేతులు కావాలి. ఆ చేతులు మావి. మా ఆవిడది కడప జిల్లా. సముద్రం లేని చోట పుట్టి, టాంపినీస్ ఈతకొలనులో ఈత నేర్చుకుని చేపైపోయింది. నేను చీరాల దగ్గర సముద్రపు గాలి పీలుస్తూ పెరిగి, ఇప్పటికీ ఇటుకలా మునుగుతాను. పులావ్ ఉబిన్ దీవికి వెళ్ళే చిన్న మరబోటు తప్ప ఏ నౌకా ఎక్కలేదు, అందులో కూడా రెండు చేతులతో బల్ల పట్టుకుని కూర్చుంటాను.

మా శిక్షణ బ్లాక్ కింది వాయిడ్ డెక్‌లో మొదలైంది. ఇక్కడి ఫ్లాట్లకి కింది అంతస్తు గోడలు లేకుండా స్తంభాలతో ఖాళీగా వదిలేస్తారు, దానికి ఆ పేరు. అంతవరకూ నేనెరిగిన డెక్ అదొక్కటే. ఆంటీ బట్టలారేసే వెదురుగడ ఒకటి తెచ్చి రెండు స్తంభాల మధ్య పెట్టి, మాకు తాళ్ళు కట్టడం నేర్పారు. మా ఆవిడ ముడులు ముచ్చటగా పడేవి. నావి రెండు రకాలు: లాగితే ఊడిపోయేవి, కత్తితో గానీ ఊడనివి. ఆంటీ ఒకటో తరగతి పిల్లలకి చెప్పినట్టే చెప్పేవారు. ముందు చప్పట్లు ఒక వరసలో కొట్టేవారు. మేం అదే వరసలో తిరిగి కొట్టాలి. మా చూపు ఆవిడ మీదికి తిరిగాకే మాట మొదలయ్యేది. లిఫ్టు కోసం నిలబడ్డ చైనా తాతగారు ఒకాయన రెండో రోజు నుంచి మాతోపాటు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు.

గ్రెనడాలో పడవని మొదటిసారి యార్డులో, గట్టు మీద చూశాను. తెల్ల పొట్ట మీద అక్కడక్కడా పాత గీతలు. తెరచాపలు చుట్టి ఉన్నాయి. తెరచాప కొయ్య అంత ఎత్తున ఒంటరిగా నిలబడి ఉంది. నిద్రపోతున్న ఏనుగు దగ్గరికి వెళ్ళినట్టు ఆంటీ దాని దగ్గరికి నడిచి, అరచేయి ఆనించి కాసేపు ఉన్నారు. తెలుగులో పడవ ముందు భాగాన్ని అణియం అనీ, వెనక భాగాన్ని అమరం అనీ అంటారు. వెళ్ళేముందు ఎక్కడో చదివి నేర్చుకుని, మొదటి రోజే నా పాండిత్యం ప్రదర్శిద్దామనుకున్నాను. రేవు దాటి పెద్ద అలలు తగలగానే అమరంలో కూర్చున్నవాడు అమరుడు కాడని తెలిసిపోయింది. అంచు మీదికి వంగి, ఉదయం తిన్నదంతా చేపలకి సమర్పించుకున్నాను.

"అల్లం నములు బాబూ. కిందకి చూడకు, దూరంగా ఆ కొండ చూడు," అన్నారు ఆంటీ, చుక్కాని తిప్పే చక్రం మీంచి చెయ్యి తియ్యకుండానే. ఎగతాళి చెయ్యలేదు. ఒకటో తరగతిలో ఎంతమంది కడుపులు చూసి ఉంటారో.

వాంతులు తగ్గాక తలెత్తి చూశాను. తెరచాపలు ఎత్తిన తర్వాత ఇంజను ఆపేస్తారు. ఆపిన క్షణం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అంతవరకూ ఉన్న గడగడ ఆగిపోయి, గాలి తాళ్ళలో ఊదే సన్నని చప్పుడూ, పొట్ట కింద నీళ్ళు కోసుకుపోయే చప్పుడూ మాత్రం మిగిలాయి. ఇంత బరువైన వస్తువుని ఏమీ తగలబెట్టకుండా గాలి మోసుకుపోతోంది. గాలి కబుర్లంటే చులకనగా చూసే నేను ఆ రోజు నుంచి గాలికి మర్యాద ఇస్తున్నాను. ఎదర ఒక దీవి, దాని వెనక ఇంకొకటి, దాని వెనక నీలి పొగలాంటిది మూడోది. దీవులన్నీ వరసగా, బడి గంట కొట్టాక పిల్లలు నిలబడ్డట్టు నిలబడ్డాయి. వాటి ముందు ఆంటీ. చాలా సహజంగా అనిపించింది.

అక్కడి నీళ్ళ గురించి చెప్పకపోతే నేను జీతం నష్టపోయి పెట్టిన సెలవులకి అర్థం లేదు. ముదురు నీలమైతే లోతు. ఆకుపచ్చ కలిసిందంటే అడుగు పైకి వస్తోంది. పాలు కలిపిన పచ్చ అయితే కింద తెల్ల ఇసక. గోధుమ రంగు మచ్చ కనబడిందా, అది పగడపు రాయి, పడవ పొట్ట చీరేస్తుంది. అక్కడ తిరిగేవాళ్ళకి నీటి రంగే దారి. ఆంటీ చక్రం దగ్గర నిలబడి రంగులు చదివేవారు. మధ్యలో పడవని అటు నుంచి ఇటు మళ్ళించాలంటే చప్పట్లు. మేం తిరిగి చప్పట్లు. తెరచాప కింది గడ ఈ వైపు నుంచి ఆ వైపుకి విసురుగా వచ్చేటప్పుడు అందరం తలలు వంచాలి. తల వంచడం నాకు ఆఫీసులో అలవాటే కాబట్టి అందులో మాత్రం మెప్పు పొందాను.

సాయంత్రాలు ఏదో ఒక దీవి చాటున బోయాకి కట్టేవాళ్ళం. ఒడ్డు మీద సీమపనస కాయ కొని, దాన్ని ముక్కలు కోసి ఆంటీ మలేషియా పద్ధతిలో వేయించేవారు. మా ఆవిడ అదే కాయతో ఎర్రకారం రాసి వేపుడు చేసేది. రెండింటి మధ్య తీర్పు చెప్పమని నన్ను అడిగేవారు. నాకు ఈత రాదన్న సంగతి మరవకుండా రెండూ బాగున్నాయనేవాణ్ణి.

అంతా బాగుంది, బోయా అందుకునే ఆ ఒక్క ఘట్టం తప్ప. ఇన్నేళ్ళూ చక్రం అంకుల్‌ది, ముందు నిలబడటం ఆంటీది. ఇప్పుడు చోట్లు మారాయి. అణియంలో అంకుల్ పొడుగు కర్రకున్న కొక్కెంతో బోయా తాడు అందుకోవాలి. ఆయన పొడిచిన చోట తాడుండేది కాదు, తాడున్న చోట ఆయన పొడిచేవారు కాదు. ఒంటి కంటికి దూరం దొరకదు కదా. దొరకని కొద్దీ గొంతు పెరిగేది.

"వెనక్కి! వెనక్కి తియ్యి! ముందుకి! ఏటలాగ పోతావ్!"

"ఇన్నేళ్ళూ నేనక్కడ నిలబడి మీ అరుపులు విన్నాను," అన్నారు ఆంటీ చక్రం దగ్గర్నుంచి, క్లాసులో వాడే గొంతుతో. "ఇప్పుడు కూడా మీ అరుపులేనా? నోరు కాదు, చెయ్యి. చేత్తో చెప్పండి."

చేతి సైగలు ఆ రోజే ఖాయం చేశారు. ఎటు చూపిస్తే అటు. అరచెయ్యి కిందికి ఆడిస్తే పెలాన్ పెలాన్, అంటే మెల్లగా. పిడికిలి బిగిస్తే ఆగు. అంకుల్ సైగలు చేసేవారు, కొక్కెం మాత్రం మా ఆవిడ చేతికి మారింది. కట్టడం అయ్యాక ఆయన ముందు వైపే కూర్చుండిపోయేవారు, చీకటి పడేదాకా. తను పెట్టిన షరతు తననే ఖాళీ చేతులతో నిలబెట్టిందని ఆయనకి తెలుస్తూనే ఉంది. ఆంటీకి అంతకంటే బాగా తెలుసు.

అలా ఉత్తరానికి పోయి, తిరుగు ప్రయాణంలో ఉండగా నా ప్రదర్శన జరిగింది. మధ్యాహ్నం దాటింది. మేం చేరాల్సిన అఖాతం ఒక కొండ మలుపు అవతల ఉంది. తెరచాపలు దించడానికి ఆంటీ బయటే పడవని నిలబెట్టారు. ఆ పని ఆలస్యమవుతుందనీ, ఈలోగా నేనూ మా ఆవిడా డింగీలో ముందుకెళ్ళి బోయా ఖాళీ ఉందో లేదో చూసొస్తామనీ అన్నాను. డింగీ అంటే పడవ వెనక కట్టుకుని తిరిగే చిన్న రబ్బరు తెప్ప, దానికొక మోటారు. నడిపేది మా ఆవిడ. బరువు నేను.

మలుపు తిరిగేసరికి అఖాతం నిండుగా ఉంది. ఒకే ఒక్క బోయా ఖాళీ. అవతల వైపు నుంచి నీలం రంగు పడవ ఒకటి నెమ్మదిగా లోపలికి వస్తోంది. అది చూడగానే నాలో రాఫెల్స్ ప్లేస్ మేలుకుంది. తెప్పని బోయా పక్కకి పోనిమ్మన్నాను. తెప్ప తాడు గబగబా బోయాకి కట్టాను. ముడి కత్తితో గానీ ఊడని రకం పడింది. అంతటితో ఆగినా బాగుండేది. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. టిష్యూ పాకెట్ తీసి బోయా పైనున్న రింగులో దూర్చాను.

"ఏంది నువ్వు చేస్తాండేది?" అంది మా ఆవిడ.

"చోప్."

"సముద్రాన్నా?"

నీలం పడవ దగ్గరికొచ్చింది. చక్రం దగ్గర తెల్ల జుట్టు ఆవిడ ఒక్కరే ఉన్నారు. ఇంకెవరూ లేరు. బోయానీ, తెప్పనీ, పాకెట్‌నీ, నన్నూ వరసగా చూసి, మీ పడవ ఎక్కడుందని మర్యాదగా అడిగారు. వస్తోందన్నాను. ఎక్కడి నుంచి అన్నారు. కొండ వెనక ఉందన్నాను.

"అయితే కొండ వెనకే ఉన్నట్టు," అన్నారావిడ. "ఇక్కడ బోయా పడవకి ఇస్తారు, వార్తకి కాదు."

పక్కన తన చిన్న పడవలో బ్రెడ్లు అమ్ముకుంటున్న పెద్దాయన ఒకాయన ఇదంతా చూస్తున్నాడు. "బస్‌స్టాప్‌లో నీ చెప్పు వదిలి ఇంటికెళ్ళి స్నానం చేసొస్తావా, బ్రదర్? బస్సు ఆగుతుందా?" అని పగలబడి నవ్వాడు. చుట్టుపక్కల పడవల్లో తలలు లేచాయి. నాకు పట్టపగలు చుక్కలు కనబడ్డాయి.

ముడి విప్పబోతే రాలేదు. మా ఆవిడ నా వైపు చూడకుండా చెయ్యి చాపింది, నేను మాట్లాడకుండా కత్తి ఇచ్చాను. తాడు తెగింది. ఆ తెల్ల జుట్టు ఆవిడ ఒక్కరే పడవని బోయా దగ్గర ఆపి, ముందుకి నడిచి, కొక్కెంతో తాడు లాగి కట్టేసుకున్నారు. పైకి వచ్చిన తాడుతోపాటు నా టిష్యూ పాకెట్ కూడా ఆవిడ పడవలోకి వెళ్ళిపోయింది. తొందరలో మేం దాని సంగతే మరిచాం.

తిరిగొచ్చి విషయం చెప్పాను. చోప్ సంగతి దాచుదామనుకున్నాను గానీ మా ఆవిడ దాచనివ్వలేదు.

"అలామాక్!" అన్నారు అంకుల్. మలయ్‌లో ఓరి దేవుడా అన్నట్టు. నవ్వు రాలేదు ఆయనకి. "రాత్రి కట్టిన చోటికే వెనక్కి పోదాం."

"వెనక్కంటే రాళ్ళ మధ్యనుంచి పోవాలి. ఎండ ఎదురు," అన్నారు ఆంటీ. "నీళ్ళ రంగు కనబడదు. ఇక్కడే లంగరేద్దాం."

"వద్దన్నాను గదా."

"ఎందుకొద్దు?"

ఆయన కొండ మలుపు వైపు చూశారు. దాని అవతల అఖాతం నిండా పడవలు. ఆ పాత రాపిడి చప్పుడు ఆయనకి వినబడుతోందని మా అందరికీ తెలుసు.

ఆంటీ చప్పట్లు కొట్టలేదు. చక్రం వదలకుండా, మామూలు గొంతుతో అన్నారు. "బోయా తాడు అందుకోడానికి దూరం తెలియాలి. మీకు తెలీదు, నిజమే. లంగరుకి దూరం నేను చూసుకుంటాను. మీరు ఇసక ఎక్కడుందో చెప్పాలి. అంతే. రంగు చూడ్డానికి ఒక కన్ను చాలు."

అంకుల్ లేచి, అంచు తడుముకుంటూ అణియం దాకా నడిచి, గొలుసు దగ్గర నిలబడ్డారు. నాకు అప్పుడు గానీ లంగరందలేదు. ఆవిడ అన్ని రోజులుగా ఎదురుచూస్తున్నది ఇలాంటి సాయంత్రం కోసమే.

పడవ మలుపు తిరిగి లోపలికి వెళ్ళింది. ఎండ మా వీపు మీద ఉంది. అడుగు స్పష్టంగా కనబడుతోంది. అంకుల్ చెయ్యి కుడివైపు చూపించింది. పడవ కుడికి. అరచెయ్యి కిందికి ఆడింది. పెలాన్ పెలాన్. పిడికిలి. పడవ ఆగింది, గొలుసు గరగరా దిగింది, గాలికి పడవ వెనక్కి జరిగింది. ఆంటీ ఇంజనుతో వెనక్కి లాగి చూశారు. అది పట్టలేదు. ఒడ్డు మీది చెట్లు నెమ్మదిగా పక్కకి కదలడం నాకే తెలిసింది. మా వెనక ఉన్న నీలం పడవ దగ్గరౌతోంది.

"గడ్డి," అన్నారు అంకుల్, వెనక్కి తిరిగి. "ఇసకనుకున్నాను, గడ్డి కలిసింది. చెప్పాను గదా, నా వల్ల..."

"గొలుసు తీసీండి. మళ్ళీ ఏద్దాం," అన్నారు ఆంటీ. తప్పు లెక్క చేసిన పిల్లాడి పలక తుడిచి చేతికిచ్చినట్టు అన్నారు. ఆ పిల్లాడు రిటైరైన ఇంజనీరు. పలక తీసుకున్నాడు.

చుట్టూ పడవల్లోవాళ్ళు చూస్తూనే ఉన్నారు. లంగరు వేసేవాళ్ళని చూడటం అక్కడివాళ్ళకి సాయంత్రం సినిమా లాంటిదట. ఆంటీ ఎవరినీ చూడలేదు. పడవని ఒక చుట్టు తిప్పి, తొందరపడకుండా మళ్ళీ గాలికి ఎదురు నిలిపారు. ఈసారి అంకుల్ పడుకున్నంత పని చేసి అంచు మీంచి వంగి, మంచి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. చెయ్యి ఎడమకి. ఇంకాస్త ఎడమకి. మెల్లగా. పిడికిలి పైకి లేచింది, గాలిలో అలాగే ఉండిపోయింది. ఒక్క మాట లేదు. ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ అంత చక్కగా మాట్లాడుకోవడం అదే మొదటిసారేమో అనిపించింది.

గొలుసు దిగింది. పడవ వెనక్కి జరిగి, మెత్తగా కుదుపు ఇచ్చి ఆగింది. ఆంటీ ఇంజను గట్టిగా వెనక్కి తిప్పారు. కదల్లేదు. "అమ్మాయ్, చూసిరా," అనగానే మా ఆవిడ ఈత కళ్ళద్దాలు పెట్టుకుని దూకింది. ఇంతసేపు ఊపిరెలా బిగబడుతుందా అని నేను పైన ఊపిరి బిగబట్టాను. తేలి, జుట్టు వెనక్కి తోసుకుని, "లంగరు ముక్కు దాకా పూడిపోయిండాది అంకుల్! తవ్వినా రాదు!" అని అరిచింది.

ఒడ్డు మీద పసుపురంగు రేకుల ఇల్లు, దాని వెనక ఒక కొబ్బరిచెట్టు ఆంటీ మాకు చూపించారు. ఇప్పుడు ఆ రెండూ ఒకే వరసలో ఉన్నాయి. గాలి మళ్ళనంతసేపూ అవి విడిపోకుండా ఉంటే పడవ జారనట్టు. ఇంత చెప్పి, జాజికాయ గీరిన టీ తాగి, ఆవిడ హాయిగా వెళ్ళి పడుకున్నారు. తెల్లారి నేను లేచి పైకి వచ్చేసరికి అంకుల్ అప్పటికే అక్కడున్నారు. పసుపు ఇల్లు, కొబ్బరిచెట్టు. చెట్టు ఇంటి నడిమధ్య నిలబడి ఉంది, ఫోటో తీయించుకుంటున్నట్టు.

"కదల్లేదు," అన్నారాయన. ముందున్న గొలుసు వైపు వేలు చూపించి, "నేను చూపించిన చోటే," అన్నారు.

మేం బయల్దేరేముందు నీలం పడవ ఆవిడ తన డింగీలో వచ్చారు. రాత్రంతా తాడుకి క్లిప్పు పెట్టి ఆరబెట్టిన నా టిష్యూ పాకెట్ తిరిగి నా చేతిలో పెట్టారు. ఆంటీ వైపు తిరిగి, రెండోసారి వేసిన లంగరు చాలా బాగుందన్నారు. ఆంటీ ఒకటో తరగతిలో బహుమతి వచ్చిన పిల్లలా నిలబడ్డారు.

అక్కడి నుంచి గ్రెనడా దాకా మేం బోయాల కోసం వెతకలేదు. బోయాలు లేని చోట్లకే వెళ్ళాం. మనుషుల్లేని ఇసక తిప్పల పక్కన, తాబేళ్ళు తల పైకెత్తి మమ్మల్ని తనిఖీ చేసే చోట్ల ఆగాం. అన్నిచోట్లా అణియంలో అంకుల్, చక్రం దగ్గర ఆంటీ. ఒకచోట మూడుసార్లు వెయ్యాల్సి వచ్చింది. అంకుల్ అక్కడ కూడా అరవలేదు.

గ్రెనడా రేవులో చెప్పిన ప్రకారం బ్రోకర్ నిలబడి ఉన్నాడు, తెల్ల ప్యాంటుతో సహా. ఆంటీ పడవని పక్కవాటంగా తెచ్చి గట్టుకి ఆనించబోతుండగా, అంకుల్ ముందు నుంచి తాడు విసిరారు. దూరం తెలీని విసురు కదా, అది ఆ పెద్దమనిషి గుండెల మీద పడింది. ఆయన అలవాటు కొద్దీ పట్టుకుని గట్టు మీది మేకుకి కట్టేశాడు. మా పడవలో ఆయనకి దొరికిన పని అంతే.

"థాంక్యూ. అమ్మట్లేదు," అన్నారు అంకుల్. "కెప్టెన్ ఒప్పుకోడం లేదు."

సింగపూర్ వచ్చాక ఒక ఆదివారం నలుగురం టాంపినీస్ హాకర్ సెంటర్‌కి వెళ్ళాం. జనం కిటకిట. నేను ఒక బల్ల చూసి, జేబులోకి పోతున్న చేతిని ఆపుకుని, ఒళ్ళంతా తెచ్చి కుర్చీలో కూర్చున్నాను.

"ఏంది, పాకెట్ ల్యా?" అంది మా ఆవిడ.

"వార్తకి బల్ల ఇవ్వరట."

అంకుల్ అవతలి కొట్టు నుంచి ట్రే పట్టుకుని వస్తున్నారు. దాని మీద నాలుగు గిన్నెల్లో పొగలు కక్కే సూప్. మధ్యలో కుర్చీలు, పిల్లలు, ఎవరిదో ట్రాలీ. లేచి అందుకోబోయాను. ఆంటీ నా భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టారు. లేవకుండానే తన కుడి చెయ్యి పైకెత్తి ఎడమకి చూపించారు. ఆయన ఎడమకి జరిగారు. అరచెయ్యి కిందికి ఆడించారు. ఆయన అడుగు నెమ్మదించింది. బల్ల దగ్గరికి రాగానే పిడికిలి బిగించారు.

ట్రే బల్ల మీద ఆనింది. సూప్ తొణకలేదు.